నేను పెట్టిన ఇంటు మార్కు

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే మనిషి రిటైరై, తల నెరిసి, కనీసం ఒక్క శాలువా అయినా కప్పించుకుని ఉండాలంటారు. నేను ముప్పై నిండకుండానే రిటైరయ్యాను. శాలువా ఎవరూ కప్పలేదు. వెళ్లిపోయే రోజు మా ల్యాబు అటెండరు మాత్రం డజను అరటిపళ్లు చేతిలో పెట్టాడు. చేసిన ఉద్యోగం నాలుగేళ్లు. అందులో చెప్పుకోదగ్గవి పదిహేను రోజులు. ఆ పదిహేను రోజుల్లో నేను చేసిన ఘనకార్యం ఒక్కటే. ఒక పిల్ల ఉన్నది ఉన్నట్టు రాస్తే దాని మీద ఎర్ర ఇంకుతో ఇంటు మార్కు పెట్టాను.

ఇద్దరు పిల్లలూ పడుకున్నారు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. చిన్నది ఏ నిమిషమైనా లేవచ్చు. వాక్యం ఎక్కడైనా హఠాత్తుగా తెగితే అది నా శైలి కాదు, దాని ఆకలి. కొత్తగా ఉద్యోగంలో చేరి, ఎర్ర పెన్ను చేతికి రాగానే జడ్జీ కుర్చీలో కూర్చున్నట్టు అనిపించేవాళ్లుంటారే, వాళ్లు చదివితే చాలు.

సెల్‌ఫోన్‌లో పాము ఆట ఆడుకోవడమే గొప్ప అనుకునే రోజులవి. ఎక్కడో పెద్ద వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్రం చెప్పి రిటైరైన ఒక ప్రొఫెసరుగారు కర్నూలు తిరిగొచ్చారు. రిటైరైనవాళ్లు మామూలుగా ఇల్లు కడతారు, లేకపోతే కోర్టుకెళ్తారు. ఈయనకు మాత్రం మే నెల సెలవుల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు మెదడు గురించి చెప్పాలని బుద్ధి పుట్టింది. కన్ను ఎలా చూస్తుంది, చెవి ఎలా వింటుంది, కాలికి ముల్లు గుచ్చుకుంటే తలకు ఎలా తెలుస్తుంది, ఇవన్నీ పుస్తకంలో కాకుండా చేసి చూపించాలని. గేటు మీద 'న్యూరోసైన్స్ సమ్మర్ స్కూల్' అని బట్ట కట్టించారు. ఊళ్లో అందరూ 'మెదడు బడి' అన్నారు. మా వీధి కిరాణా కొట్టాయన పప్పు తూస్తూ చాలా గంభీరంగా అడిగాడు: "మెదడు ఉన్నోళ్లను చేర్చుకుంటారామ్మా, లేనోళ్లనా?"

నేను జువాలజీ ఎమ్మెస్సీ చదివి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో డెమాన్‌స్ట్రేటరుగా ఉండేదాన్ని. ఆ కాలేజీవాళ్లు సెలవుల్లో భవనాన్ని మెదడు బడికి ఇచ్చారు. భవనంతో పాటు బెంచీలు, బెంచీలతో పాటు నన్నూ, అటెండరునూ ఇచ్చారు. ప్రొఫెసరుగారిని మేం పెద్దసారు అనేవాళ్లం. ఆయన పొట్టి. జేబులో ఎప్పుడూ చిన్న రబ్బరు సుత్తి. ఎవరు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నా, నమస్కారం పెట్టకముందే మోకాలి కింద ఒకటి తగిలించేవారు. కాలెగిరితే "బాగుంది" అనేవారు. ఆ పదిహేను రోజుల్లో కాలేజీ కరస్పాండెంటుగారు ఒక్కసారి కూడా మా వైపు రాలేదు.

వచ్చిన పిల్లలు ఇరవై నలుగురు. సగం మంది కర్నూలు కాన్వెంటు పిల్లలు, సగం మంది చుట్టుపక్కల సర్కారు బళ్లలో పెద్దసారే పరీక్ష పెట్టి ఏరుకొచ్చినవాళ్లు. పొట్టేలు మెదడు కోసి చూపించే రోజుకు ముందు, బట్టల దుకాణం నడిపే ఒకాయన కొడుకును వెంటేసుకుని వచ్చాడు.

"మేడం, మావోడు కోడిగుడ్డు వాసన కూడా పడనోడు. ప్లాస్టిక్ మెదడు దొరకదా? దుడ్లు నేనిస్తా."

"చూస్తే చాలండీ, ముట్టుకోనక్కర్లేదు" అన్నాను.

"అది సరే. ఈ మెదడుకు ఎంసెట్‌లో ఎన్ని మార్కులుంటాయి?"

వెనక నుంచి పెద్దసారు జవాబిచ్చారు. "మార్కులుండవప్పా. మెదడు ఉంటుంది."

ఆయనకు అర్థమైందో లేదో తెలీదు. మరునాడు కొడుకును మాత్రం పంపించాడు, ముక్కుకు కట్టుకోవడానికి మూడు కర్చీఫులిచ్చి. మెదడు పెట్టి కోయడానికి బేతంచెర్ల నుంచి ఒక దాత నున్నటి బండలు పంపాడు. అటెండరు వాటిని తుడుస్తూ నా చెవిలో అన్నాడు: "మేడం, ఈ బండలిచ్చినాయన మాంసం ముట్టడంట. వీటి మీద ఏం పెడతాండామో ఆయనకు చెప్పాకండి. పూజగదిలో వేసే బండ ఇట్లాంటిదే."

ఇక మా అసలు జబ్బు గురించి చెప్పాలి. మా కాలేజీల్లో ప్రయోగం చేసి రికార్డు రాయడం ఉండదు. రికార్డు రాశాక, తీరికుంటే ప్రయోగం చేస్తారు. జూనియర్లు సీనియర్ల రికార్డు చూసి రాస్తారు, ఆ సీనియర్లు వాళ్ల సీనియర్లది. నేను డిగ్రీలో కప్ప గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో రాసి ఇరవైకి పంతొమ్మిది మార్కులు తెచ్చుకున్నాను. ఆ కప్పను నేను చూడలేదు. మా సీనియరూ చూడలేదు. అది ఏనాడో చచ్చి ఉంటుంది. దాని గుండె మాత్రం మా కాలేజీలో ఏటేటా అదే లెక్కన కొట్టుకుంటూనే ఉంది.

ఈ సంప్రదాయాన్ని నేను మెదడు బడికి కూడా భక్తిగా మోసుకెళ్లాను. మూడో రోజు స్కేలు జారవిడిచి పట్టుకునే ప్రయోగం. ఎంత త్వరగా పట్టుకుంటే నరం అంత చురుకు. పిల్లలకు తేలికగా ఉంటుందని ఒక మాదిరి లెక్క బోర్డు మీద రాశాను. సాయంత్రం నోటుపుస్తకాలు చూస్తే ఇరవై ముగ్గురు అదే లెక్క రాశారు. పెద్దసారు అద్దాలు తుడుచుకుని అడిగారు.

"ఏమ్మా, వీళ్లందరికీ కలిపి ఒకటే నరమా?"

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. అప్పుడైనా బుద్ధి రావాల్సింది.

వేరే లెక్క రాసిన ఇరవై నాలుగో పిల్ల బేతంచెర్ల సర్కారు బడి నుంచి వచ్చింది. తొమ్మిదో తరగతి అయిపోయింది. రెండు జడలు, ఒకదానికి ఎర్ర రిబ్బను, ఒకదానికి నీలం. కర్నూల్లో మేనత్త ఇంట్లో ఉండి వచ్చేది. వాళ్ల నాయన బండలు కోసే మిషన్ దగ్గర కూలికి చేస్తాడని మొదటి రోజే చెప్పింది. ఎవరు మాట్లాడితే వాళ్ల ముఖంలోకి కన్నార్పకుండా చూసేది. పొగరనుకున్నాను.

అప్పటికి మా పాపకు పది నెలలు. మా ఆయన ఉద్యోగం కడపలో, వారానికొకసారి వచ్చేవాడు. పాపను చూసుకోవడానికి మా అత్త ఉగాదికి ముందే కడప నుంచి మాతో పాటు బస్సెక్కి వచ్చి నా దగ్గరే ఉండిపోయింది. నేను భయస్తురాలిని. అది ఎంత బరువుంది, ఎన్నిసార్లు పాలు తాగింది, పళ్లెందుకు రాలేదు, మాడు ఎందుకు అదురుతోంది, అన్నీ ఒక నోటుపుస్తకంలో గళ్లు గీసి రాసుకునేదాన్ని. మా అత్త దాన్ని 'పాల కేంద్రం లెక్క' అనేది. చెవుల గురించి ఆ పుస్తకంలో ఒక్క గడి కూడా లేదు. ఎందుకంటే పాప చాలా బుద్ధిమంతురాలని అందరూ చెప్పేవారు. పక్కింటి జనరేటరు మోగినా కదలదు. వీధిలో మైకు పెట్టినా లేవదు. "ఇట్లాంటి బిడ్డ దొరకల్లంటే పుణ్యం చేసుకోవల్ల" అని ఇరుగుపొరుగు కుళ్లుకుంటుంటే నేను లోలోపల గర్వపడి, పైకి దిష్టి తగలకుండా దగ్గేదాన్ని.

మధ్యాహ్నం పాలివ్వడానికి మా అత్త పాపను కాలేజీకి తెచ్చేది. ఒక రోజు పెద్దసారు చూశారు.

"ఎన్నో నెల?"

"పది, సార్."

"రేపు ఈమెకు టీచరుద్యోగం ఇద్దాం. పసిబిడ్డ నరాలు పెద్దవాళ్ల నరాల్లాగా ఉండవని వీళ్లకు ఎవరు చూపిస్తారు?"

మా అత్త వెంటనే, "ఇరవైమంది పిలకాయలు చూస్తే దిష్టి తగల్దా?" అంది. చివరికి అరికాల్లో పెద్ద కాటుక చుక్క పెట్టే షరతు మీద ఒప్పుకుంది. అదే అరికాలిని పెన్సిలుతో గీసి, వేళ్లు పైకి విచ్చుకోవడం పిల్లలకు చూపించాలని ఆమెకు తెలీదు. మరునాడు ఆ కాటుక పెన్సిలుకు, పెన్సిలు నుంచి పెద్దసారు తెల్ల చొక్కాకు అంటుకుంది. దిష్టి మొత్తం ఆయనకే పోయిందని మా అత్త తృప్తిపడింది.

ప్రయోగాలు నాలుగు. వేలు అందిస్తే పట్టుకోవడం, అరికాలు, టార్చిలైటు వెంట కళ్లు తిప్పడం, వెనక నుంచి గిలక్కాయ ఆడిస్తే తల తిప్పడం. ముందురోజు సాయంత్రమే నేను మాదిరి రికార్డు అందంగా రాసి గోడకు అంటించాను. నాలుగోది ఇలా రాశాను: 'వెనుక నుండి గిలక్కాయ ఆడించగా శిశువు శబ్దము వచ్చిన దిక్కునకు తల తిప్పినది.' రేపు జరగబోయేదాన్ని ఈ రోజే భూతకాలంలో రాశానన్నమాట. నా కూతురు గురించి నాకు తెలీదా?

ప్రయోగం రోజు పాప నా ఒళ్లో ముందుకు తిరిగి కూర్చుంది. దాని ముఖం నాకు కనపడదు. చుట్టూ పిల్లలు. వేలు పట్టుకుంది. వేళ్లు విచ్చింది. టార్చి వెంట కళ్లు తిప్పింది. అటెండరు నా వెనక నిలబడి గిలక్కాయ ఆడించాడు. నేను పిల్లల వైపు చూస్తూ "చూశారా, చూశారా, రాసుకోండి" అన్నాను. అందరూ గోడ వైపు చూసి రాసుకున్నారు.

సాయంత్రం నోటుపుస్తకాలు దిద్దడానికి కూర్చున్నాను. పాప పక్కనే చాప మీద నా చెప్పు నాకుతోంది. ఇరవై మూడు పుస్తకాల్లో 'తల తిప్పినది.' ఇరవై నాలుగోది బేతంచెర్ల పిల్లది: 'తల తిప్పలేదు. గిలక్కాయ ఆడించిన వారి నీడ మీద పడినప్పుడు మాత్రము చూసినది.'

నాకు ఒళ్లు మండింది. ఇంత ఇంటు మార్కు పెట్టాను. పక్కన ఎర్రగా రాశాను: 'గమనించి వ్రాయవలెను.'

ఈ మాట గుర్తొచ్చినప్పుడు ఇప్పటికీ ఒంటరిగా ఉన్నా సరే కొంగుతో ముఖం కప్పుకుంటాను.

మరునాడు పొద్దున ల్యాబు తాళం తీయకముందే ఆ పిల్ల వరండాలో నిలబడి ఉంది.

"మిస్, ఇది ఎందుకు తప్పు?"

"అందరూ తిప్పింది అని రాస్తే నువ్వొక్కదానివే తిప్పలేదంటే ఎట్లా?"

"తిప్పల్యా మిస్. నేను పాప ముఖమే చూస్తాంటి. వాళ్లు గోడ దిక్కు చూస్తాండిరి. మీరు మమ్మల్ని చూస్తాంటిరి."

"మా పాప గురించి నాకు తెలీదా?" నా గొంతు వరండా అంతా వినపడింది.

పిల్ల భయపడింది గానీ వెనక్కి తగ్గలేదు. "మా నాయన గురించి మా యమ్మకే శాన్నాళ్లు తెల్దు మిస్. పిలిస్తే పలకకపోతే పొగరనుకున్యాది. మా నాయన మిషన్ కాడ చేసి చేసి చెవులు పోగొట్టుకున్యాడు. ముఖం చూస్తేనే పలుకుతాడు. ఎనక నుంచి నీడ పడితే తిరుగుతాడు. పాప అట్లనే తిరిగింది, అందుకే రాసినా."

నేను ఏదో గట్టిగా అనబోయాను. అంతలో జనరేటరు, వీధిలో మైకు, ఇరుగుపొరుగు మెచ్చుకోళ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి నా ముందు నిలబడ్డాయి. బుద్ధిమంతురాలు. కదలని బిడ్డ. నేనూ దాన్ని ఎప్పుడూ ఎదురుగా నిలబడే పిలిచేదాన్ని.

పెద్దసారు ఎప్పుడొచ్చారో మెట్ల మీద నిలబడి ఉన్నారు. "గొడవెందుకమ్మా? ప్రయోగం కదా. మళ్లీ చేద్దాం" అన్నారు.

మధ్యాహ్నం మా అత్త పాపను తెచ్చాక, ఈసారి గోడ మీద రికార్డు చించేశారు. నీడ పడకుండా పాప వెనక దుప్పటి కట్టించారు. గాలి తగలకుండా ఫ్యాన్లు ఆపించారు. కర్నూల్లో మే నెలలో ఫ్యాన్లు ఆపించిన మనిషిని పిల్లలు జన్మలో మర్చిపోరు. అటెండరు చెప్పులు విడిచి పిల్లిలా దుప్పటి వెనక్కి వెళ్లాడు. పాపను ఈసారి మా అత్త ఒళ్లో పెట్టి, నేను ఎదురుగా దాని ముఖం చూస్తూ కూర్చున్నాను.

గిలక్కాయ మోగింది. పాప మా అత్త పుస్తెలతాడు నములుతోంది. నములుతూనే ఉంది.

గ్లాసు మీద చెంచాతో కొట్టారు. నములుతూనే ఉంది.

పెద్దసారు నన్ను దుప్పటి వెనక్కి వెళ్లి పిలవమన్నారు. వెళ్లి, ఇంట్లో పిలిచే ముద్దుపేరుతో పిలిచాను. రెండుసార్లు పిలిచాను. దుప్పటి పక్క నుంచి తొంగి చూస్తే ఇరవై నలుగురు పిల్లల ముఖాలూ నా వైపే తిరిగి ఉన్నాయి. తిరగనిది అదొక్కటే.

అటెండరు ఉండబట్టలేక స్టీలు తట్ట కింద పడేశాడు. పాప ఉలిక్కిపడి పెదవి విరిచింది.

"సూడండి, ఇనపడతాండాది!" మా అత్త విజయగర్వంతో అరిచింది. "నా మనవరాలికేమి? మీ గిలక్కాయే సరిగా లేదు!"

"తట్ట చప్పుడుకు పక్క వీధి కుక్క కూడా లేచిందమ్మా" అన్నారు పెద్దసారు, మెత్తగానే. "కొంచెం వినపడుతోంది. వినపడాల్సినంత లేదు."

నా మోకాళ్లు ఆయన సుత్తి లేకుండానే ఎగురుతున్నాయి. బరువు లెక్కలు రాసుకున్న పుస్తకం ఎక్కడైనా పడేయాలనిపించింది. అప్పుడు బేతంచెర్ల పిల్ల చెయ్యెత్తింది.

"సారూ, శృతిదండం ఎముక మీద పెడితే?"

రెండు రోజుల కిందటి పాఠం అది. ఇనుప పటకారులా ఉండే శృతిదండాన్ని తట్టి చెవి దగ్గర పెడితే శబ్దం గాలిలోంచి, చెవి రంధ్రంలోంచి పోతుంది. దాని కాడను చెవి వెనక ఎముకకు ఆనిస్తే రంధ్రంతో పని లేకుండా ఎముకలోంచి నేరుగా లోపలికి పోతుంది. దారి మూసుకుంటే ఎముక మీద వినపడుతుంది. లోపల నరమే చెడితే రెండు విధాలా వినపడదు. పాఠం చెప్పిందాన్ని నేనే. ఆ నిమిషంలో నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

పెద్దసారు శృతిదండాన్ని తన మోకాలి మీద కొట్టి పాప చెవి దగ్గర పట్టుకున్నారు. ఏమీ లేదు. మళ్లీ కొట్టి కాడను చెవి వెనక ఎముకకు ఆనించారు.

పాప నమలడం ఆపింది.

కళ్లు పెద్దవి చేసింది. మా అత్త పుస్తెలు నోట్లోంచి జారాయి. శృతిదండం అదురు తగ్గేదాకా అట్లాగే ఉండి, తగ్గగానే మళ్లీ నమలడం మొదలుపెట్టింది.

"అదురుకేమో సార్" అన్నాడు అటెండరు. "సద్దు కాదేమో. చక్కిలిగింత పుట్టిందేమో."

"మంచి ప్రశ్న" అన్నారు పెద్దసారు. నాకు అటెండరు గొంతు పిసకాలనిపించింది.

"అట్లయితే మోకాలి మీద పెడదాం సారూ" అంది పిల్ల. "ఆడ కూడా అదురుతాది కదా. ఆడ పెట్టినా నమిలేది ఆపితే చక్కిలిగింత. ఆపకపోతే సద్దు."

మోకాలి మీద పెట్టారు. పాప నములుతూనే, ఒక చేత్తో శృతిదండాన్ని కూడా నోట్లోకి లాక్కోబోయింది. మోచేతి మీద పెట్టారు. అదే తంతు. చెవి వెనక పెట్టారు. ఆగింది. రెండో చెవి వెనక. ఆగింది.

ఫ్యాన్లు లేని ఆ గదిలో చెమటలు కారుతున్నా ఎవరూ కదల్లేదు.

"నరం బాగున్నట్టే ఉంది" అన్నారు పెద్దసారు. "దారిలోనే ఏదో అడ్డం ఉండొచ్చు. కానీ నేను చెవి డాక్టర్ని కాదు, ఇది ఆస్పత్రీ కాదు. రేపు పొద్దున్నే చూపించు."

'ఉన్నట్టే ఉంది', 'ఉండొచ్చు'. తెలుగులో ఇంత క్రూరమైన మాటలున్నాయని అంతకుముందు నాకు తెలీదు. ఆ రాత్రి ఎలా గడిచిందో రాయను. ఇంట్లో ఉన్న శరీరధర్మశాస్త్రం పుస్తకంలో చెవి అధ్యాయం మొత్తం చదివి, పాపకు అందులోని జబ్బులన్నీ ఉన్నాయని, నాకు సగం ఉన్నాయని నిర్ధారించుకున్నానని మాత్రం చెబుతాను.

చెవి ముక్కు గొంతు డాక్టరు నడివయసు మనిషి, నుదుటి మీద గుండ్రటి అద్దం. పాపను మా అత్త ఒళ్లో గట్టిగా పట్టుకోమని, కుడి చెవిలోకి చూసి "ఊఁ" అన్నాడు. ఎడమ చెవిలోకి చూసి "ఊఁహూఁ" అన్నాడు. ఏవో చుక్కలు వేసి కాసేపు కూర్చోబెట్టి, సన్నటి పటకారుతో కుడి చెవిలోంచి ఒకటి బయటికి లాగాడు. చింతగింజంత ఉంది, చింతగింజ రంగులోనే. దూది. ఆముదం తాగి, గట్టిపడి, దూదినన్న సంగతే మర్చిపోయిన దూది. ఎడమ చెవిలోంచి వచ్చింది ఇంకా ఘనమైనది. నూనె, చెవి గుబిలి, సున్నిపిండి కలిసి బెల్లం ముక్కలా తయారైంది.

"ఏందమ్మా ఇది? బిడ్డ చెవిలో ఉండలు చుడతాండారా?"

నేను మా అత్త వైపు చూశాను. ఆమె గోడ మీద క్యాలెండరు వైపు చూసింది.

"కడప బస్సులో వస్తాంటిమి. కిటికీ గాలి చెవిలోకి పోతాదని దూది పెడితి. ఇంటికొచ్చి తీద్దామని చూస్తే లేదు. యాడో రాలిపోయిందనుకుంటి."

"ఎప్పుడు?" అన్నాడు డాక్టరు.

"ఉగాదికి ముందర."

"మరి ఈ పిండి?"

"నలుగు పెడితే రవ్వంత పోదా? దానికే ఇన్ని మాటలంటారా? పైన నూనె చుక్క వేస్తే అదే కరిగిపోతాదని వేస్తాంటి. దినమూ ఏస్తాంటి."

డాక్టరు చెవి గురించి ఆమెకు ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆమె తన చేతుల మీద పెరిగిన బిడ్డల లెక్క చెప్పడం మొదలుపెట్టింది. గొంతులు పెరిగాయి. ఆయన విసుగ్గా పటకారును స్టీలు ట్రేలో పడేశాడు. చిన్న చప్పుడు, టింగుమని.

పాప తల తిప్పింది.

ట్రే వైపు చూసింది. తర్వాత అరుస్తున్న డాక్టరు వైపు, తర్వాత అంతకంటే గట్టిగా అరుస్తున్న నాయనమ్మ వైపు చూసి, ఈ ప్రపంచం ఇలా ఉంటుందా అన్నట్టు పెద్ద పెట్టున ఏడుపు లంకించుకుంది. నేను వెనక నుంచి మెల్లగా పిలిచాను. ఏడుస్తూనే నా వైపు తిరిగింది. ఇంటికొచ్చే దారిలో ఆటో హారన్ కొట్టిన ప్రతిసారీ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆటో అతను భయపడి హారన్ కొట్టడం మానేసి, కర్నూలు రోడ్ల మీద ఎవరూ చేయని సాహసం చేశాడు.

ఇంటి దగ్గర మా అత్తను నాలుగు మాటలు అందామని నోరు తెరిచాను. ఆమె ముందే అంది: "నేను దూది పెడితి, సరే. నువ్వు దినమూ బరువు చూస్తాంటివి, పాలు లెక్కబెడతాంటివి. చెవి సూసినావా?" ఈ సంగతి మా ఆయనకు చెప్పకూడదని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. ఇది చదివితే ఆయనకు ఇప్పుడే తెలుస్తుంది.

మరునాడు క్లాసులో పెద్దసారు ఎర్ర పెన్ను నా చేతికిచ్చి కూర్చున్నారు, అంతే. ఇరవై మూడు పుస్తకాలు తెప్పించి, ఆ నాలుగో ప్రయోగం దగ్గర ఇరవై మూడు ఇంటు మార్కులు పెట్టాను. కర్చీఫుల పిల్లవాడు, "మిస్, మీరే కదా రాయమనింది" అన్నాడు. "అందుకే" అన్నాను. చించేసిన నా మాదిరి రికార్డు చెత్తబుట్టలోంచి ఏరి, దానికీ ఒకటి పెట్టాను.

బేతంచెర్ల పిల్ల పుస్తకంలో ఇంటు కొట్టేసి రైటు పెట్టి, 'గమనించి వ్రాయవలెను' అన్న మాట కింద నా సంతకం చేసి, 'ఈ సలహా నాకు' అని రాశాను. పిల్ల దాన్ని చదువుకుని నవ్వలేదు. పుస్తకం మూసి, ముఖంలోకి చూస్తూ అడిగింది.

"మిస్, శృతిదండం ఆఖరి దినం దాకా ఈడనే ఉంటాదా?"

"ఉంటుంది. ఎందుకు?"

"ఆ దినం మా నాయన వస్తాడు. మిషన్ కాడ అందరూ చెవుల్లో దూది పెట్టుకుంటారు మిస్, సద్దుకు ఓర్చుకోల్యాక. మా నాయన కూడా పెట్టుకుంటాడు. పాపకు మాదిరే లోపల ఉండిపోయిందేమో."

"ఉండొచ్చు" అన్నాను. రెండు రోజుల కిందటే నేను తిట్టుకున్న మాట అది.

మిగిలిన నాలుగు రోజులూ ఆ పిల్ల శృతిదండాన్ని వదల్లేదు. తుడిచేది, కొట్టి చూసేది, అటెండరు చెవి వెనక, వాచ్‌మన్ చెవి వెనక పెట్టి అభ్యాసం చేసేది. అటెండరు నాతో గొణిగాడు: "మేడం, ఈ పిల్ల పుణ్యాన నా పుర్రె అంతా గంటలు మోగుతాండాది."

ఆఖరి రోజు తల్లిదండ్రులొచ్చారు. ఆ పిల్ల నాయన సన్నటి మనిషి, ఉతికిన తెల్ల చొక్కా, ఎంత కడిగినా పోని బండల దుమ్ము గోళ్ల అంచుల్లో. గుసగుసలాడాల్సిన చోట కూడా మిషన్ పక్కన నిలబడ్డట్టు గట్టిగా మాట్లాడాడు. పెద్దసారు పెదవులు విడమరుస్తూ ఎదురుగా మాట్లాడితే సగం అందుకున్నాడు. పెద్దసారు లైటు పెట్టి రెండు చెవుల్లోకీ చూశారు. చాలాసేపు చూశారు. దూది లేదు. గుబిలి కూడా లేదు. "శుభ్రంగా ఉన్నాయి" అన్నారు. ఒక డాక్టరు ఆ మాట అంత దిగులుగా అనడం నేను మళ్లీ వినలేదు.

పిల్ల శృతిదండం మోకాలి మీద కొట్టి చెవి దగ్గర పట్టుకుంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ కొట్టి కాడను చెవి వెనక ఎముకకు ఆనించింది. ముఖంలోకి చూసింది.

ఆయన కూతురి ముఖం చూసి, ఏ జవాబు చెబితే బాగుంటుందో వెతుక్కున్నట్టు ఒక్క క్షణం ఆగాడు.

"నిజం చెప్పు నాయనా" అంది పిల్ల, పెదవులు పెద్దగా కదుపుతూ. "రికార్డులో రాయల్ల."

"చీమలు పాకినట్లుండాదమ్మా" అన్నాడు. "సద్దు లేదు."

రెండో వైపూ అదే. ఆయనే నవ్వేసి మా అందరి వైపూ తిరిగి గట్టిగా అన్నాడు: "పోనీలే సామీ. మా ఇంటిది తిట్టేది తప్పింది గదా. ఊళ్లో మొగోళ్లందరూ నన్ను చూసి కుళ్లుకుంటాండారు."

అటెండరు నవ్వాడు. అందరం నవ్వాం. పెద్దసారు ఆయనను పక్కన కూర్చోబెట్టి, మిగిలిన వినికిడినైనా కాపాడుకోవడానికి దూది చాలదని, చెవులకు ఏం కట్టుకోవాలో, చెవికి పెట్టుకునే మిషన్ కోసం ఎక్కడికి వెళ్లాలో కాగితం మీద రాసి చూపిస్తున్నారు.

పిల్ల కిటికీ దగ్గర బెంచీ మీద కూర్చుని రాసుకుంది. కొట్టివేతలు లేకుండా, గుండ్రటి అక్షరాలతో. రాసి నా దగ్గరికి తెచ్చింది. 'గాలి ద్వారా: వినబడలేదు. ఎముక ద్వారా: చీమలు పాకినట్లు ఉన్నది. శబ్దము లేదు. కుడి, ఎడమ రెండూ ఒకటే. దూది లేదు.'

"సరిగా ఉండాదా మిస్?" అని అడిగింది.

చూసింది చూసినట్టు రాసింది. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. నాలుగేళ్ల ఉద్యోగంలో నేను ఎన్ని రికార్డులు దిద్దానో లెక్కలేదు. పెన్ను కాగితం మీద ఆనించి, చెయ్యి రాక అంతసేపు ఆగింది దాని దగ్గరే.

రైటు మార్కు పెట్టాను.